పదిహేడేళ్ళ పెద్దదిక్కు

అచ్యుత్‌కి ముప్ఫై నాలుగేళ్ళు. అతని మేనత్తకి పదిహేడు. అచ్చుతప్పేమీ లేదు, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవనక్కర్లేదు. సూర్యాపేటలో అచ్యుత్ వాళ్ళ తాత ఎనిమిదిమంది సంతానంలో పెద్దవాడు, రాఘవయ్య ఆఖరివాడు. తాతకి మొదటి కొడుకు పుట్టిన ఏడే ఆయన తల్లికి ఎనిమిదో కాన్పు అయింది. అత్తాకోడళ్ళు ఒకే గదిలో, ఒకే మంత్రసాని చేత పురుళ్ళు పోయించుకున్నారు. అలా అచ్యుత్ నాన్న శ్రీరాములు, ఆయనకి చిన్నాన్న అయిన రాఘవయ్య ఒకే ఏడు పుట్టి, ఒకే బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. శ్రీరాములు వేళకి పెళ్ళి చేసుకున్నాడు. రాఘవయ్య నలభై దాటాక తీరిగ్గా చేసుకుని, నలభై ఎనిమిదో ఏట ఒక ఆడపిల్లకి తండ్రయ్యాడు. ఆ పిల్ల పేరు పద్మిని. వరసకి శ్రీరాములుకి చెల్లెలు, అచ్యుత్‌కి మేనత్త. ఆమె పుట్టేనాటికి మేనల్లుడికి మీసాలు కూడా వచ్చేశాయి.

వయసుదేముంది, ఏటా మారుతుంది. వరస మారదు. సూర్యాపేటలో ఈ మాట అందరికీ తెలుసు. కెనడా ప్రభుత్వానికి తెలియదు. చిక్కంతా అక్కడ వచ్చింది.

పద్మిని పన్నెండో గ్రేడ్ కెనడాలో, అచ్యుత్ ఉద్యోగం చేసే వాటర్లూలో చదువుతానంది. పదహారేళ్ళ పిల్లని ఒంటరిగా రానివ్వాలంటే ఇక్కడ ఒక కస్టోడియన్ ఉండాలి. దానికో రెండు పేజీల ఫారం. మొదటి పేజీ మీద అచ్యుత్ వాటర్లూలో నోటరీ ముందు సంతకం పెట్టాడు: ఈ పిల్ల తిండికీ, బడికీ, జ్వరానికీ నాది పూచీ అని. రెండో పేజీ మీద రాఘవయ్య సూర్యాపేటలో నోటరీ ముందు సంతకం పెట్టాడు: పిల్ల మాది, కనిపెట్టుకుని ఉండేది మాత్రం అతను అని. పిల్ల ఎవరిదో ఒక పేజీ చెబుతుంది, ఎవరింట్లో తింటుందో ఇంకో పేజీ చెబుతుంది. ఈ రెంటికీ మధ్య తేడా ఉందన్న సంగతి అప్పటికి ఎవరూ పట్టించుకోలేదు.

పోయిన ఆగస్టులో టొరంటో విమానాశ్రయంలో పద్మిని రెండు సూట్‌కేసులతో, పళ్ళకి తీగలతో బయటికి వచ్చి, "హాయ్ అన్నా," అంది. అచ్యుత్ చేతిలోని ఫోన్లో వీడియో కాల్ లోంచి రాఘవయ్య గొంతు మోగింది.

"అన్న ఏందే? వాడు నీ మేనల్లుడు. ఒరేయ్ అచ్యుతూ, నువ్వన్నా చెప్పొద్దా? అత్తమ్మ వచ్చింది, కాళ్ళు మొక్కు!"

"ఇక్కడా తాతా?"

"ఏం, కెనడాల నడుములు వంగవా?"

వెనక నలభై మంది ట్రాలీలతో ఆగిపోయారు. అచ్యుత్ వంగాడు. పద్మిని హడలిపోయి వెనక్కి గెంతింది, సూట్‌కేసు మీద పడబోయింది. పక్కనున్న పంజాబీ పెద్దాయన ఆమెని పట్టుకుని ఆపి, ఎవరికి ఎవరు ఏమవుతారో తేల్చుకోలేక ఇద్దరినీ దీవించి వెళ్ళిపోయాడు.

మొదటి వారం ఆ పిల్ల బిడియపడింది. రెండో వారానికి పెద్దరికం ఒంటబట్టింది. పెద్దరికానికి అలవాటు పడటం కన్నా తేలికైనది లోకంలో ఏదీ లేదు. "ఒరేయ్ అచ్యుత్, ఆ సింకుల గిన్నెలు ఎవరు కడుగుతరు?" అనేది. "అచ్యుత్, చెవులకి టోపీ పెట్టుకో, బయట మైనస్ పద్నాలుగు." కస్టోడియన్ కిక్కురుమనకుండా టోపీ పెట్టుకునేవాడు. నవ్వొచ్చేది అతనికి. నవ్వు వెనక ఇంకోటి కూడా ఉండేది. ఆ సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

అచ్యుత్‌కి మూడో ఏట తల్లి పోయింది, తొమ్మిదో ఏట తండ్రి పోయాడు. ఆ తర్వాత రెండేళ్ళు పెద్దమ్మ ఇంట్లో, మూడేళ్ళు పిన్ని ఇంట్లో, మిగతాది హాస్టళ్ళలో. ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు. అందరూ అన్నం పెట్టారు, జ్వరమొస్తే మందు పోశారు. కానీ బళ్ళో ప్రోగ్రెస్ కార్డు ఇచ్చినప్పుడు చివర ఒక గీత ఉండేది, "తండ్రి లేక సంరక్షకుని సంతకం" అని. మొదటిసారి పెద్దమ్మ దగ్గరికి తీసుకెళితే, "మీ పెదనాన్నని అడుగు," అంది. పెదనాన్న, "మీ చిన్నాన్న వాళ్ళనడుగు, రేపు మాట రాకూడదు," అన్నాడు. చిన్నాన్న ఊళ్ళో లేడు. గడువు మర్నాటికే. తొమ్మిదేళ్ళ పిల్లవాడు గోడవారన కూర్చుని, నాన్న పాత ఉత్తరం ముందు పెట్టుకుని, ఆయన సంతకం నేర్చుకున్నాడు. పెద్ద "శ్రీ", కలిపేసిన "రాములు", కింద ఒక గీత, గీత కింద రెండు చుక్కలు. పదో తరగతి దాకా చచ్చిపోయిన శ్రీరాములు ప్రతి మూడు నెలలకీ కొడుకు మార్కులు చూసి సంతకం పెట్టాడు. బళ్ళో ఎవరూ కనిపెట్టలేదు. కనిపెడితే బాగుండునని అచ్యుత్ చాలా రోజులు ఎదురుచూశాడు.

అందుకని ఒక పదిహేడేళ్ళ పిల్ల టోపీ పెట్టుకోమంటే అతనికి కోపం రాలేదు.

ఫిబ్రవరిలో బడివాళ్ళు పిల్లల్ని స్కీయింగ్‌కి తీసుకెళతామన్నారు. కౌన్సెలర్ అచ్యుత్‌ని పిలిపించి ఫైలు తెరిచింది.

"మీరు కస్టోడియన్. విద్యార్థినికి మీరు ఏమవుతారు?"

"మేనల్లుణ్ణి. ఆవిడ నాకు ఆంట్."

కౌన్సెలర్ పెన్ను ఆగింది. "మీరు అంకుల్ కదా?"

"కాదు. ఆవిడే ఆంట్."

పద్మిని పక్కనుంచి, "ఐ యామ్ హిజ్ ఫాదర్స్ సిస్టర్," అని పెద్దరికంగా వివరించింది. కౌన్సెలర్ కాసేపు వాళ్ళ మొహాలు చూసి, ఆ గడిలో "కుటుంబం" అని రాసుకుంది. తర్వాత అసలు సంగతి చెప్పింది. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి కస్టోడియన్ చాలు. కొండ మీదనుంచి జారడానికి మాత్రం తల్లిదండ్రుల సంతకం కావాలి. ఆ సంతకం కోసం రాఘవయ్యకి ఫోన్ చేస్తే, "అక్కడ మన ఇంటికి పెద్దది అదే కదరా, దాన్నే పెట్టుకోమను," అన్నాడు. చివరికి పెట్టాడనుకోండి, వారం బతిమాలించుకున్నాక.

ఇక వాసవి సంగతి. వాసవి వాటర్లూకి ఐదారు గంటల దూరంలో కనాటా అనే ఊళ్ళో టెలికాం ఇంజనీరు. ఒకప్పుడు వాటర్లూ ఆఫీసులో అచ్యుత్ పక్క సీటు. ఇద్దరూ మూడేళ్ళ కింద ఒక మాట అనుకున్నారు. ఆమె తల్లి సుగుణకి అభ్యంతరం లేదు. తండ్రి అమరేశ్వరరావుకి కులం పట్టింపు లేదు, జాతకం పట్టింపు లేదు, ఇల్లుందా కారుందా అని అడగలేదు. ఒకే ఒక్క షరతు పెట్టాడు.

"అబ్బాయి తరఫు పెద్దవాళ్ళని వచ్చి అడగమనమ్మా. మనిషి రావాలి. ఫోన్లో అయితే ఒప్పుకోను. సాక్షిని ఎదురుగా నిలబెట్టి చూడాలి. తెరమీద ఎవరి మొహమైనా యోగ్యంగానే కనపడుతుంది."

ఆయన గుంటూరు కోర్టులో ముప్ఫై ఐదేళ్ళు వకీలు. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, పిల్లలకి ఎవరు గార్డియన్, ఈ కేసులు తప్ప వేరేవి పట్టలేదు. రిటైరై కూతురి దగ్గరికి వచ్చాక ఆయనకి ఈ దేశం మీద ఒకటే కంప్లయింటు: ఐదేళ్ళ కింద ఇక్కడి విడాకుల చట్టంలోంచి కస్టడీ అన్న మాటనే ఎత్తేశారు. "నిర్ణయ బాధ్యత అట! పిల్లలతో గడిపే సమయం అట! ముప్ఫై ఐదేళ్ళు నేను తిన్న అన్నాన్ని వీళ్ళు డిక్షనరీలోంచి తీసిపారేశారు," అని వాకింగ్‌లో ఎదురైన వాళ్ళందరికీ చెప్పేవాడు. వాళ్ళలో తెలుగు రానివాళ్ళు కూడా తలూపేవాళ్ళు.

అచ్యుత్ రాఘవయ్యకి విజిటర్ వీసాకి రెండుసార్లు అప్లై చేశాడు. రెండుసార్లూ రాలేదు. పెద్దమ్మ పోయింది. పిన్నికి ఆ మధ్యే మోకాళ్ళు మార్చారు. అచ్యుత్ సోఫాలో కూలబడి, "ఇంక నాకెవరూ లేరు," అన్నాడు. ఆ మాట అనడం అతనికి కొత్తేమీ కాదు, పైకి అనడమే కొత్త.

లెక్కలు చేసుకుంటున్న పద్మిని తల ఎత్తింది. "నేను లేనా?"

"నువ్వెందుకత్తమ్మా..."

"మేనత్త కన్నా పెద్ద ఎవరురా? మే నెల లాంగ్ వీకెండ్‌కి పోదాం. నువ్వు డ్రైవ్ చెయ్యి, నాకు లైసెన్సు లేదు."

కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్టే ఉంటుందని అచ్యుత్‌కి తెలుసు. కానీ గోదారి ఎదురుగా ఉంది, పట్టుకోవడానికి ఇంకేదీ లేదు. వాసవికి ఫోన్ చేసి, "మా అత్తమ్మ వస్తోంది," అన్నాడు. వాసవి ఇంట్లో, "వాళ్ళ మేనత్తగారు వస్తున్నారు," అని చెప్పింది. వయసు వాసవీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మేనత్త వయసు ఎవరడుగుతారు?

శనివారం పొద్దున్నే బయల్దేరారు. పద్మిని తన తల్లి గద్వాల చీర కట్టుకుంది. వీడియో చూసి కట్టింది కాబట్టి పదకొండు పిన్నీసులు పట్టాయి. కింద స్నీకర్లు. దారిలో స్కార్‌బరోలో ఆగి తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, కొబ్బరికాయ కొన్నారు. ఆకులు వాడిపోకుండా తడిబట్టలో చుట్టివ్వమని షాపాయన్ని అడిగి మరీ చుట్టించుకుంది. తర్వాత నాలుగు గంటలు కార్లో ఫోను చూస్తూ ఏదో చదువుకుంటూ కూర్చుంది. ఆల్జీబ్రా పరీక్ష కాబోలనుకున్నాడు అచ్యుత్.

తలుపు తీసిన అమరేశ్వరరావు పంచె, ఉత్తరీయంలో ఉన్నాడు. "రా నాయనా, రా," అని, అచ్యుత్ భుజం మీదుగా బయటికి చూశాడు. "పెద్దావిడ కారులో ఉన్నారా? మెట్లెక్కలేరా?"

"నమస్కారం బావగారూ," అంది పద్మిని.

డెబ్భై ఏళ్ళ అమరేశ్వరరావు గుటక మింగాడు. తప్పు లేదు. మేనల్లుడికి కాబోయే మామగారు మేనత్తకి బావగారే అవుతాడు, ఏ పంచాయితీకి పోయినా ఇదే తీర్పు. సుగుణ వంటింట్లోంచి వచ్చి, "అయ్యో, చిన్నపిల్ల! జ్యూస్ తాగుతావా అమ్మా?" అంది.

"కాఫీ ఇప్పించండి అక్కయ్యగారూ," అంది పద్మిని. ఆ పిల్ల జన్మలో కాఫీ తాగలేదు. వచ్చిన కాఫీని మందు మింగినట్టు మింగి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని సోఫాలో నిటారుగా కూర్చుంది. అచ్యుత్ పక్కనున్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాడు. వాసవి వంటింటి గుమ్మంలో నిలబడి చీర కొంగు నోట్లో కుక్కుకుంది, నవ్వు ఆగక.

"మా అచ్యుత్‌కి మీ వాసవిని అడగడానికి వచ్చిన," అని మొదలుపెట్టింది పద్మిని.

"ఒక్క నిమిషం. వయసెంత తల్లీ?"

"పదిహేడు. నవంబర్‌కి పద్దెనిమిది."

"అంటే మైనరువి. ఎవరి దగ్గర ఉంటున్నావు?"

"అచ్యుత్ కస్టడీల."

అమరేశ్వరరావు కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు. ఆయన కళ్ళల్లో ఏళ్ళ తరబడి లేని ఒక వెలుగు వచ్చింది. ఈ దేశం డిక్షనరీలోంచి తీసిపారేసిన మాట గద్వాల చీర కట్టుకుని వచ్చి ఆయన సోఫాలో కూర్చుంది మరి.

"చూడమ్మా, కస్టడీ వేరు, గార్డియన్ వేరు. పూర్వం ఇంగ్లీషువాడి చట్టంలో బిడ్డ తండ్రిది. తల్లి పాలిస్తుంది, నీళ్ళు పోస్తుంది, ఏడిస్తే ఎత్తుకుంటుంది. బిడ్డ ఏ బళ్ళో చదవాలి, ఎవర్ని పెళ్ళాడాలి అన్నది తండ్రి చెబుతాడు. పోనుపోను తల్లులకి జాలితలచి పసిబిడ్డల్ని దగ్గర ఉంచుకోనిచ్చారు. అది కస్టడీ. పెత్తనం మాత్రం ఇవ్వలేదు. అది గార్డియన్‌షిప్. మన చట్టమూ ఆ తానులో ముక్కే. ఐదేళ్ళలోపు బిడ్డ తల్లి దగ్గరుండాలన్నాడు, గార్డియన్ మాత్రం ముందు తండ్రి, ఆయన తర్వాతే తల్లి అన్నాడు. 'అయ్యా, కన్నదాన్ని, పెంచినదాన్ని, నా సంతకం చెల్లదంటున్నారు' అని ఎంతమంది తల్లులు నా ఆఫీసులో ఏడ్చారో!"

"వాళ్ళకి మీరేం చెప్పేటోళ్ళు?"

"ఏం చెబుతాను... వకాలతు మీద సంతకం పెట్టమనేవాణ్ణి." అమరేశ్వరరావు కాస్త తడబడి, మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. "సరే, పాయింటుకొద్దాం. నువ్వు మైనరువి. మైనరు ఇంకొకరికి గార్డియన్‌గా..."

"ఇరవై ఒకటో సెక్షన్," అంది పద్మిని. "పద్దెనిమిది వందల తొంభై గార్డియన్ల చట్టం. కార్ల చదువుకుంటా వచ్చిన. మైనర్ ఇంకో మైనర్‌కి గార్డియన్ కావొద్దు, తన భార్యకి, తన పిల్లలకి తప్ప అని ఉంది. భార్యకి ఎందుకు బావగారూ?"

"ఆ రోజుల్లో పన్నెండేళ్ళ మొగుళ్ళు ఉండేవాళ్ళమ్మా."

"అంటే పన్నెండేళ్ళ పిలగాడు భార్యకి గార్డియన్ కావొచ్చు, పదిహేడేళ్ళ నేను కాకూడదా? సరే, వదిలెయ్యండి. అది మైనర్‌కి మైనర్ సంగతి. అచ్యుత్ మైనర్ కాదు కదా. ముప్ఫై నాలుగేళ్ళోడికి పదిహేడేళ్ళ మనిషి పెద్దగా ఉండొద్దని ఏ సెక్షన్ల ఉంది?"

తాతకి దగ్గులు నేర్పడమంటే ఇదే. కానీ ఈ తాతకి ఈ దగ్గు నిజంగా తెలియదు. ఆయన లోపలికి వెళ్ళి గుంటూరునుంచి మోసుకొచ్చిన లావుపాటి పుస్తకం తెచ్చాడు, తిరగేశాడు, మూశాడు.

"ఎక్కడా లేదు," అన్నాడు ఆశ్చర్యంగా. "అసలు మేజరుకి గార్డియన్ ఎందుకమ్మా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"మరి మీరే కదా పెద్దోళ్ళని తీస్కరమ్మన్నది?"

గుమ్మంలోంచి కొంగు జారిపోయి వాసవి నవ్వు బయటపడింది. అమరేశ్వరరావు నవ్వలేదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, మొదటిసారి వకీలు గొంతు వదిలి మామూలు గొంతుతో మాట్లాడాడు.

"నేనడిగింది గార్డియన్‌ని కాదమ్మా. రేపు వీళ్ళిద్దరికీ మాటామాటా వస్తుంది. రాని కాపురం నేను చూడలేదు. మా అమ్మాయి మా దగ్గరికొచ్చి చెప్పుకుంటుంది. వాడెక్కడికి పోతాడు? వాణ్ణి కూర్చోబెట్టి 'తప్పురా' అనే మనిషి ఒకరుండాలి. అలాంటివాళ్ళు లేని మగవాళ్ళని కోర్టులో చాలామందిని చూశాను. చెడ్డవాళ్ళు కాదు. ఆపేవాళ్ళు లేక అక్కడిదాకా వచ్చినవాళ్ళు."

"నేనంట."

"ఏదీ, అను చూద్దాం."

పద్మిని స్టూలు వైపు తిరిగింది. "ఒరేయ్ అచ్యుత్. మొన్న మంగళవారం వాసవి ఫోన్ చేస్తే మీటింగ్‌ల ఉన్న అన్నవు. ఏ మీటింగూ లేదు. సోఫాల పండుకుని క్రికెట్ చూస్తున్నవు. తప్పు."

అచ్యుత్ లేచి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో అతనికే తెలియదు. "తప్పే అత్తమ్మా," అన్నాడు.

"మంగళవారమా?" అంది వాసవి గుమ్మంలోంచి.

అమరేశ్వరరావు తృప్తిగా తలూపి, అల్మరాలోంచి ఒక ఆకుపచ్చ లెడ్జర్ కాగితం తీశాడు. దస్తావేజుల కోసం పూర్వం వాడే కాగితం అది. నోటిమాటని ఆ కాగితం మీద పెట్టనిదే ఆయనకి నిద్రపట్టదు. ఇరుపక్షాల పెద్దలూ పెళ్ళికి ఒప్పుకున్నట్టు నాలుగు వాక్యాలు రాసి, కింద రెండు గీతలు గీశాడు. "వధువు తరఫు పెద్ద", "వరుని తరఫు పెద్ద". తను సంతకం పెట్టి పెన్ను పద్మినికిచ్చాడు. ఇచ్చినవాడు ఠక్కున వెనక్కి లాక్కున్నాడు.

"ఆగాగు. మాట చెల్లుతుంది. సంతకం చెల్లదు. మైనరు సంతకం దస్తావేజుకి పనికిరాదు. నీ తరఫున నీ గార్డియన్ పెట్టాలి."

"నాన్న సూర్యాపేటల ఉన్నడు."

"పోనీ కస్టోడియన్..." అని అచ్యుత్‌ని చూసి ఆగాడు. "కస్టోడియన్ అన్నం పెట్టగలడు, సంతకం పెట్టలేడు. పెట్టినా, వరుని తరఫు పెద్ద తరఫున వరుడు పెట్టినట్టవుతుంది. అంటే వరుడి తరఫున వరుడే... మరి అతని తరఫు పెద్ద ఎవరు? ఈ అమ్మాయి. ఈ అమ్మాయి తరఫున?" ఆయన ఇంకో కాగితం తీసుకుని బాణాలు గీశాడు. బాణం తిరిగి తిరిగి మొదటికే వచ్చింది. సుగుణ భోజనాలు చల్లారిపోతున్నాయంది. ఎవరూ కదల్లేదు.

రాఘవయ్యకి ఫోన్ చేశారు. ఆయన భోంచేసి మంచమెక్కబోతున్నాడు. అమరేశ్వరరావు తనని పరిచయం చేసుకుంటే ఆయన పొంగిపోయాడు. "అట్లనా! మా పద్మినికి బావ అంటే నాకు అల్లుడివే అయితివి. ఏం అల్లుడూ, బాగున్నవా?" తనకన్నా ఐదేళ్ళు చిన్నవాడి నోట అల్లుడూ అనిపించుకుని అమరేశ్వరరావు ఉక్కిరిబిక్కిరయ్యాడు. సంగతి చెప్పి, మీరే సంతకం పెట్టి ఫొటో పంపమన్నాడు.

"నన్నెందుకయ్యా మధ్యల? అక్కడ మా ఇంటి పెద్ద అదే. అది ఏమంటే అదే," అని రాఘవయ్య ఫోను పెట్టేశాడు.

కాగితం మీద గీత ఖాళీగా ఉంది. అచ్యుత్ ఆ గీతనే చూస్తున్నాడు. చివర ఒక గీత, దాని కింద చిన్న అక్షరాలు, గడువు దగ్గరపడింది, సంతకం పెట్టేవాళ్ళు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నారు. ఈ గీత నిండకపోతే వాసవి లేదు. అతను వంగి పెన్ను తీసుకున్నాడు. తన పేరు రాద్దామనే అనుకున్నాడు. చెయ్యి మాట వినలేదు. పెద్ద "శ్రీ", కలిపేసిన "రాములు", కింద గీత. రెండు చుక్కలు పెడుతుండగా పద్మిని అతని మణికట్టు పట్టుకుంది.

"ఎవరి సంతకంరా అది?"

"నాన్నది."

"శ్రీరాములన్న పోయి ఇరవై ఐదేళ్ళు కదా?"

ముప్ఫై ఐదేళ్ళు దొంగ సంతకాలు చూసిన వకీలు ముందు, కాబోయే భార్య ముందు, అచ్యుత్ చెప్పేశాడు. ప్రోగ్రెస్ కార్డులు, పాత ఉత్తరం, గోడవార. "ఎవరూ పెట్టలేదు అత్తమ్మా. అందుకని నేనే..." అన్నాడు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, దాచుకోలేకపోయాడు. వాసవి గుమ్మం దాటి రెండడుగులు వేసి ఆగింది.

పద్మిని అతని వేళ్ళలోంచి పెన్ను తీసుకుంది. శ్రీరాములు పేరు మీద నిదానంగా, అడ్డంగా ఒక్క గీత గీసి కొట్టేసింది. దాని పక్కన బళ్ళో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో తన పేరు రాసింది. పేరు కింద "అచ్యుత్ మేనత్త" అని కూడా రాసింది.

"ఇంకెప్పుడూ ఆ సంతకం పెట్టకు," అంది. "నేనున్న కదా."

ఆ సంతకం చెల్లదని అమరేశ్వరరావుకి తెలిసినంత బాగా ఆ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. ఆయన కాగితం తనవైపు తిప్పుకుని చాలాసేపు చూశాడు. ఉత్తరీయంతో ముక్కు తుడుచుకున్నాడు.

"కొట్టివేత ఉన్నచోట పక్కన పొట్టి సంతకం పెట్టాలమ్మా," అన్నాడు. "లేకపోతే రేపెవరైనా ఇది చెల్లదంటారు."

పద్మిని కొట్టివేత పక్కన "ప" అని రాసింది. ఆయన దాని కింద తేదీ వేశాడు. సుగుణ తమలపాకుల తడిబట్ట విప్పింది.

"ఇక ముహూర్తాల సంగతి, ఎక్కడ చెయ్యాలన్న సంగతి మాట్లాడుకుందాం వదినగారూ," అన్నాడు అమరేశ్వరరావు. ఆ మాట అంటున్నప్పుడు ఈసారి గుటక మింగలేదు.

పద్మిని కుచ్చిళ్ళు సర్దుకుని, కన్నీళ్ళు తుడుచుకుంటూ అక్కడే నిలబడ్డ మేనల్లుణ్ణి చూసింది.

"ఇంకా ఇక్కడే ఉన్నవేందిరా? పెద్దోళ్ళం మాట్లాడుకోవాలె. నువ్వు లోపలికి పో."

ముప్ఫై నాలుగేళ్ళ అచ్యుత్‌ని అలా లోపలికి పొమ్మన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. అతను తల వంచుకుని వంటింట్లోకి వెళ్ళాడు. అక్కడ వాసవి పక్కన నిలబడి, హాల్లోంచి వినిపిస్తున్న పెద్దవాళ్ళ మాటలు విన్నాడు.